తొమ్మిదో నంబరు ప్రాసెసర్

ఇందుమూలంగా సకల జనులకు తెలియజేయునది ఏమనగా, జనన ధ్రువపత్రాల కార్యాలయంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు మిక్కిలి నెమ్మదిగా పనిచేస్తున్నందున, దానికి తగిన కొత్త ప్రాసెసర్‌ను ఎంపిక చేసేంతవరకు దానిని పూర్తిగా ఆపివేయడమైనది. ప్రజలు సహకరించగలరు.

ఈ కాగితం తలుపుకి అంటించిన రోజున ప్రజలు సహకరించారు. చదివి, తలలూపి, ఎవరిళ్ళకు వారు వెళ్ళారు. నెమ్మదిగా నడిచేదాన్ని వేగంగా నడిపించాలంటే ముందు ఆపాలి కదా అని దారిలో ఒకరికొకరు నచ్చజెప్పుకున్నారు కూడా.

సహకరించనివాడు ఒక్కడే తేలాడు. కార్యాలయానికి ఎదురుగా, మెట్ల కింద బీరువా అంత కొట్టు పెట్టుకుని కంప్యూటర్లు బాగుచేసే మనిషి. ఎవరు ఏ యంత్రం తెచ్చినా ముందు మూత విప్పి, బ్రష్షు పెట్టి దుమ్ము దులిపి, ఆ తరవాతే జబ్బేమిటని అడుగుతాడు గనుక అతనికి బ్రష్షు మేస్త్రీ అని పేరు పడింది. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అందువల్ల పాపం, యంత్రాల గురించి తెలుసుకోవలసినదంతా యంత్రాల దగ్గరే నేర్చుకోవలసి వచ్చింది.

మేస్త్రీ అసహనానికి కారణం దేశసేవ కాదు. అతని కూతురికి నర్సింగు బడిలో సీటు వచ్చింది. ముప్ఫయ్యో తేదీలోగా పుట్టినతేదీ కాగితం తెచ్చి చూపిస్తే సీటు ఆమెది, లేదంటే జాబితాలో తరవాతి పిల్లది. ఆ తరవాతి పిల్ల తల్లి అప్పుడే తెల్ల యూనిఫారం కొలతలు ఇచ్చి వచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. తలుపుకి కాగితం అంటించింది పద్దెనిమిదో తేదీన.

ప్రాసెసర్ ఎంపిక సంఘం ఆ మర్నాడే ఏర్పడింది. అధికారిగారు అధ్యక్షులు, పెద్ద గుమాస్తాగారు కార్యదర్శి. మేస్త్రీని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచారు. అతనికి కుర్చీ ఇచ్చారు గాని మాట్లాడే అవకాశం ఇవ్వలేదు.

మొదటి సమావేశంలో ప్రాసెసర్ అనగానేమి అన్న ప్రశ్న తలెత్తింది. అది కంప్యూటరుకు మెదడువంటిదని పెద్ద గుమాస్తాగారు పుస్తకం చూసి వివరించారు. మెదడు అనే విషయం ఆ గదిలో అంతకుముందెన్నడూ చర్చకు రాలేదు గనుక, సభ్యులు ఆలోచించుకోవడానికి వీలుగా సమావేశాన్ని రెండు రోజులు వాయిదా వేశారు.

రెండో సమావేశానికి ధరల పట్టిక వచ్చింది. అందులో ప్రాసెసర్లకు మూడు, ఐదు, ఏడు, తొమ్మిది అని అంకెలున్నాయి. అంకె కనిపించేసరికి అందరి ముఖాలూ వికసించాయి. మెదడు సంగతి తెలియకపోయినా హోదా సంగతి అక్కడ తెలియనివారు లేరు. గుమాస్తాకు మూడు, పెద్ద గుమాస్తాకు ఐదు, అధికారికి ఏడు, పై ఊళ్ళో ఉండే పై అధికారికి తొమ్మిది అని ఎవరూ చెప్పకుండానే లెక్క కుదిరిపోయింది. చిక్కల్లా ఒక్కటే. కంప్యూటరు ఉన్నది ఆపరేటరమ్మ బల్ల మీద. అక్కడ మూడు పెడితే కార్యాలయం పరువు పోతుంది. ఐదు పెడితే పెద్ద గుమాస్తాగారి పరువు, ఏడు పెడితే అధికారిగారి పరువు పోతుంది. ఈ విషయం మీద సంఘం మూడు గంటలు తలపట్టుకుని కూర్చుంది. తలలు దొరికాయి గాని దారి దొరకలేదు.

అప్పుడు ఎవరూ అడగకుండానే మేస్త్రీ నోరు విప్పాడు.

"అయ్యా, నంబరు మనం ఎంచేది కాదండి. లోపల బోర్డు ఉంటుంది, దాని మీద ప్రాసెసర్ కూర్చునే గూడు ఉంటుంది. ఆ గూట్లో పట్టేదే పడుతుంది. మన బోర్డు పదమూడేళ్ళ నాటిది. ఈ పట్టికలో ఉన్నవేవీ దానికి పట్టవు. అసలు ఇదంతా ఎందుకండీ? ఫ్యాను నిండా దుమ్ముంది. వేడి తగ్గడానికి ప్రాసెసర్ మీద రాసే పేస్టు ఎండిపోయి పెచ్చులూడుతోంది. ఒళ్ళు కాలిపోతుంటే ఎవరైనా పరిగెత్తుతారా? అరగంట ఇప్పించండి చాలు."

అధికారిగారు జాలిపడ్డారు.

"దుమ్ము దులపడానికి ఎక్కడైనా సంఘం వేస్తారటయ్యా?"

"వెయ్యరండి. అందుకే చెబుతున్నాను."

ఈ అభిప్రాయాన్ని 'ఇతర విషయాలు' అన్న శీర్షిక కింద నమోదు చేసుకున్నారు. ఆ శీర్షిక కింద రాసినదాన్ని మళ్ళీ చదివినవారు ఆ కార్యాలయ చరిత్రలో లేరు. పరువు ఎవరిదైనా పరువే గనుక, అన్నిటికంటే పెద్దది తెప్పిస్తే ఎవరూ వేలెత్తి చూపలేరని, తొమ్మిదో నంబరుకే ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు మేస్త్రీ ఆపరేటరమ్మను బతిమాలుకున్నాడు. ఆమె అతన్ని తమ్ముడూ అని పిలుస్తుంది. ఆమెకూ కాళ్ళు చాపుకుని కూర్చోవడం విసుగెత్తింది. తలుపు దగ్గరగా వేసి, నేను చూడలేదు అని చెప్పి, అటు తిరిగి కూర్చుంది. మేస్త్రీ మూత విప్పాడు. ఫ్యాను రెక్కల మధ్య నుంచి పిల్లికూన అంత దుమ్ము ముద్ద ఊడివచ్చింది. ఎండిన పేస్టు గీకి, కొత్తది చిటికెడు రాసి, మూత బిగించి మీట నొక్కాడు. అంతకుముందు పావుగంట మూలిగి లేచే యంత్రం అరనిమిషంలో లేచి కూర్చుంది. ఆపరేటరమ్మ ఇటు తిరిగింది. పిల్ల పేరు కొట్టింది. నాలుగు నిమిషాల్లో కాగితం వెచ్చవెచ్చగా బయటికి వచ్చింది. మేస్త్రీ దాన్ని రెండు చేతులతో పట్టుకుని పెద్ద గుమాస్తాగారి బల్ల దగ్గర నిలబడ్డాడు.

పెద్ద గుమాస్తాగారు భోంచేసి వచ్చి, కాగితం చూసి, ముద్ర మీదికి పోయిన చేతిని వెనక్కి తీసుకున్నారు.

"ఇది ఎక్కడి నుంచి వచ్చింది?"

"ఆ కంప్యూటర్లోంచేనండి. బాగైపోయింది."

"ఆ కంప్యూటరు పనిచేయడం లేదు. ఫైల్లో ఉంది. పనిచేయని యంత్రంలోంచి వచ్చిన కాగితం మీద నేను ముద్ర వేస్తే, రేపు నా ఉద్యోగానికి ఎవరు ముద్ర వేస్తారు?"

"మీరే ఒకసారి వచ్చి చూడండి సార్, పనిచేస్తోంది."

"పనిచేస్తే మరి సంఘం ఎందుకు వేసినట్టు? అందులో నేను కార్యదర్శిగా ఎందుకున్నట్టు?"

మేస్త్రీకి ఎనిమిదో తరగతిలో ఆ పాఠం రాలేదు. పైగా మరో నేరం బయటపడింది. ఆ దుమ్ము కార్యాలయంలో పుట్టి పెరిగిన దుమ్ము గనుక కార్యాలయానికి చెందినదే. అనుమతి లేకుండా తీయడం తప్పు. ఎక్కడిది అక్కడే పెట్టమని ఆజ్ఞాపించారు గాని, ముద్ద విడిపోయి ఇక కుదురుకోలేదు. చివరికి దాన్ని ఒక కవరులో వేసి, లక్క వేసి, తేదీ రాసి, ఫైలుకి జతచేశారు. అది ఇప్పటికీ రికార్డు గదిలో భద్రంగా ఉంది. చూడదలచినవారు అర్జీ పెట్టుకోవచ్చు.

ఇరవై ఎనిమిదిన తొమ్మిదో నంబరు వచ్చింది. పెళ్ళికూతురి నగలపెట్టెలాంటి పెట్టె. తీసి చూస్తే అగ్గిపెట్టెంత బిళ్ళ. మేస్త్రీ దాన్ని గూడు పక్కన పెట్టి చూపించాడు. గూడు ఒక కొలత, బిళ్ళ ఒక కొలత. పట్టదండీ అన్నాడు.

"పట్టకపోతే ఒప్పించు. ఎల్లుండి పొద్దున ప్రారంభోత్సవం. ఫోటోగ్రాఫరుకి చెప్పేశాం," అన్నారు అధికారిగారు.

ఎల్లుండి అంటే ముప్ఫై. ఆ సాయంత్రం మేస్త్రీ ఇంటికి వెళ్ళాడు. కూతురు గోడకున్న క్యాలెండరు వైపు చూసి, కంచం పెట్టింది. అన్నం ముందు కూర్చుని అతను జీవితంలో మొదటిసారి యంత్రం సంగతి వదిలేసి మనుషుల సంగతి ఆలోచించాడు. మనుషుల రోగం పట్టుకోవడం అంత కష్టమేమీ కాదని, మూత విప్పనక్కరలేదని అతనికి తట్టింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి అధికారిగారి ముందు చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, ఒక చిన్న మనవి. తొమ్మిదో నంబరంటే మామూలుది కాదండి. అంతటిదాన్ని తీసుకెళ్ళి ఆపరేటరమ్మ బల్ల మీద పెట్టడం నాకు మనసొప్పడం లేదు. తమ గదిలో, అద్దాల బీరువాలో ఉంటేనే దానికి మర్యాద. ఆవిడ కంప్యూటరుకి దీని పెట్టెలో వచ్చిన తొమ్మిదో నంబరు స్టిక్కరు అంటిస్తాను. పెద్దవారు ఇక్కడుంటే కింద పనులు వాటంతటవే జరగవా ఏంటండీ?"

ఇన్నాళ్ళకు కార్యాలయ పద్ధతి తెలిసిన సాంకేతిక నిపుణుడు దొరికాడని అధికారిగారి కళ్ళు చెమ్మగిల్లాయి. హోదా చిక్కుముడి కూడా దానంతటదే విడిపోయింది.

ముప్ఫయ్యో తేదీ పది గంటలకు రిబ్బను కత్తిరించారు. అధికారిగారు ప్రసంగించారు.

"సోదర సోదరీమణులారా! కొందరు దుమ్ము అన్నారు. కొందరు ఫ్యాను అన్నారు. కాని ఈ కార్యాలయం చిన్న చూపు చూడలేదు. తొమ్మిది అంటే తొమ్మిదే. ఆ శక్తి ఎంతటిదో ఇప్పుడు మీ కళ్ళతో మీరే చూడండి."

మీట నొక్కారు. అరనిమిషంలో యంత్రం లేచింది. చప్పట్లతో గది మారుమోగింది. పన్నెండు రోజులు సహకరించిన జనం, ఇదీ పరిపాలనంటే అని ముక్కున వేలేసుకున్నారు. మొదటి కాగితంగా ఆపరేటరమ్మ మేస్త్రీ కూతురి పేరే కొట్టింది. పెద్ద గుమాస్తాగారు ఫోటోగ్రాఫరు వైపు చూస్తూ ముద్ర వేశారు. ఆ పిల్ల కాగితం పట్టుకుని మెట్లు రెండేసి చొప్పున దూకుతూ నర్సింగు బడికి పరిగెత్తింది. తలుపులు మూసేలోపే అందింది. సీటు దక్కింది.

కథ ఇంతటితో ముగిస్తే బాగుండేది. కాని ఊరు ఊరుకోలేదు. వారం తిరక్కుండా మేస్త్రీ కొట్టు ముందు జనం బారులు తీరారు. అందరికీ తొమ్మిదో నంబరే కావాలి. మొదట వచ్చినాయన యంత్రం విప్పి, దుమ్మేనండి, దులిపితే సరిపోతుంది అని మేస్త్రీ పాత అలవాటు కొద్దీ నిజం చెప్పాడు. ఆయనకి రోషం వచ్చింది. ఆఫీసుకైతే తొమ్మిదో నంబరూ, మాకైతే చీపురా అని యంత్రం చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. రెండో ఆయనకి మేస్త్రీ ఏమీ చెప్పలేదు. లోపలికి తీసుకెళ్ళి, దుమ్ము దులిపి, పేస్టు రాసి, స్టిక్కరు అంటించి ఇచ్చాడు. ఆయన ఆశీర్వదించి వెళ్ళాడు. ఇప్పుడు మేస్త్రీ స్టిక్కర్లు వందల్లెక్కన అచ్చు వేయిస్తున్నాడు.

ఒక సాయంత్రం తెల్ల యూనిఫారంలో కూతురు కొట్టు దగ్గర ఆగి, స్టిక్కరు అంటిస్తున్న తండ్రిని చూసింది.

"ఉన్నమాట చెప్పెయ్యకూడదా నాన్నా?"

"చెప్పానమ్మా. చెప్పినన్నాళ్ళూ నీ కాగితం చేతికి రాలేదు. అంటించిన రోజున వచ్చింది."

ఇదంతా చదివి మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వండి, తప్పులేదు. దుమ్మే కారణమని మొదటి రోజే చెబితే మీరు తప్పక నమ్మి ఉండేవారు. మీవంటి వివేకవంతుల యంత్రాలకు స్టిక్కర్లతో పనుండదు. అయినా ఎందుకైనా మంచిది, మీ కంప్యూటరు ముందువైపు మూల మెరుస్తున్న ఆ చిన్న కాగితాన్ని ఒకసారి గోరుతో గీకి చూసుకోండి.