గ్రూపులోంచి తప్పుకొనుటకు తగు కారణము

మనిషి లోకం విడిచి వెళ్లడానికి డాక్టరు రాసిచ్చే కాగితం ఒక్కటి చాలు. వాట్సాప్ గ్రూపు విడిచి వెళ్లడానికి అది చాలదు. ఈ సంగతి ఆకివీడు చేపల వ్యాపారి అబ్బాయిరాజుకి యాభై రెండో ఏట తెలిసింది.

ఆ రోజుకి ఆయన చేతిలో ఉన్నవి: తల మీద పదకొండు కుట్లు, ఏలూరు డాక్టరు ప్రీతి గారి చీటీ, పదిహేడు గ్రూపులున్న ఫోను. లారీకి ఎక్కిస్తుండగా చేపల ట్రే జారి నెత్తిన పడింది. (ట్రేలో ఉన్నవి బొచ్చెలు. ఒక్కటీ దెబ్బతినలేదు.)

"లోపల రక్తం గడ్డకట్టలేదండీ, మెదడు కుదిపినట్టయింది, అంతే. ఆరు వారాలు ఫోను ముట్టుకోవద్దు. మాటలు తగ్గించాలి. ఇప్పుడు విశ్రాంతి ఇవ్వకపోతే ఈ తలనొప్పి మీతోనే ఉండిపోవచ్చు," అన్నారు డాక్టరు గారు.

అబ్బాయిరాజు బేరమాడలేదు. ఆయన జీవితంలో బేరమాడని సందర్భం అదొక్కటే. ఇంటికి రాగానే భార్య శేషారత్నానికి ఫోనిచ్చి, పదిహేడు గ్రూపుల్లోంచీ తప్పించమన్నాడు. పదహారు గ్రూపులు గమనించలేదు. (వాటిలో బావమరుదుల గ్రూపు కూడా ఉంది.) పదిహేడోది చేపల వర్తకుల ఐక్యత గ్రూపు.

ఎవరైనా తప్పుకుంటే అడ్మినుకి మాత్రమే తెలిసేలా ఏర్పాటు చేశామని కంపెనీ వాళ్లు చెబుతారు. కంపెనీ వాళ్లకి ఐక్యత అడ్మిన్ సూర్యనారాయణ గారితో పరిచయం లేదు. నాలుగు నిమిషాల్లో ఆయన ఆ సమాచారాన్ని ఫొటో తీసి గ్రూపులో మిగిలిన వాళ్లందరికీ అందజేశారు.

ఐక్యత ఆచారం ప్రకారం సభ్యుడు తప్పుకోవడానికి రెండే కారణాలు చెల్లుతాయి. ఒకటి ప్రాణం పోవడం, రెండు ఎవరి మీదనైనా అలగడం. మొదటిది జరగలేదని పాలవాడు ధ్రువీకరించాడు. కనుక రెండోది ఖాయమైంది. అలక ఎవరి మీదో తేలేదాకా గ్రూపులోని నలభై రెండు మందీ అనుమానితులే.

సాయంత్రానికి సూర్యనారాయణ గారు ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చారు.

"ఏవండీ రాజుగారూ, ఎవరేమన్నారండీ?"

"ఎవరూ ఏమీ అనలేదండీ. తలకి దెబ్బ. డాక్టరు గారు ఫోను వద్దన్నారు."

"దెబ్బ మాకూ కనపడుతోందండీ. అది వేరే ఫైలు. కోపం ఎవరి మీదండీ?"

శేషారత్నం చీటీ చూపించింది. సూర్యనారాయణ గారు కళ్లజోడు పెట్టుకుని రెండువైపులా చదివారు.

"ఇందులో ఫోను చూడొద్దనే ఉందమ్మా. గ్రూపు వదలమని లేదు."

"ఉండి పలక్కపోతే మాత్రం ఊరుకుంటారా అన్నయ్యగారూ? గ్రూపులో వీరేంద్ర పుట్టినరోజుకి ఈయన పలకలేదని, అతను మూడు నెలలు మా గుమ్మం తొక్కలేదు."

"అది కూడా ఫైల్లో ఉందమ్మా," అన్నారాయన.

మర్నాటి నుంచి అనుమానితుల రాక మొదలైంది. ఒక్కొక్కరూ వచ్చి, బత్తాయిలు బల్ల మీద పెట్టి, "నా మీద కాదుగదండీ" అని అడిగి, కాదని చెప్పించుకుని, "మరెవరి మీదండీ" అంటూ ఇంకో గంట కూర్చునేవారు. వీరేంద్ర మూడుసార్లు వచ్చాడు. భీమశంకరం ఎందుకైనా మంచిదని, ఎవరికీ తెలియని రెండు తప్పులు తనంతట తానే ఒప్పుకుని వెళ్లాడు. (అవి విన్నాక అతని మీద నిజంగానే కోపం వచ్చింది. కానీ డాక్టరు గారు కోపం కూడా వద్దన్నారు.)

వారం తిరిగేసరికి నొప్పి కుట్ల దగ్గర నుంచి కళ్ల వెనక్కి దిగింది. కిటికీ తీస్తే వెలుతురు భరించలేకపోతున్నాడు. వంటింట్లో గిన్నె పడిన చప్పుడుకి వాంతి చేసుకున్నాడు.

శేషారత్నం ఆ గిన్నె తీసి పక్కన పెట్టి, "ఎవరో ఒకరి పేరు చెప్పెయ్యండి," అంది.

అబ్బాయిరాజు లెక్క వేశాడు. ఒక్క పేరు బయటపెడితే నలభై ఒక్కరు నిర్దోషులవుతారు, ఇంటికి రావడం మానేస్తారు. ఎటొచ్చీ ఆ ఒక్కరూ బాధపడని మనిషై ఉండాలి. అలాంటివాడు ఐసు ఫ్యాక్టరీ సుందరరావు ఒక్కడే. ఇరవై రెండేళ్ల స్నేహం. వచ్చినవాళ్లలో ఏ ప్రశ్నా అడగకుండా, అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్లిపోయేది కూడా ఆయనే.

"సుందరరావుగారూ, ఓ ఐదు వారాలు మీ మీద కోపంగా ఉంటానండీ. అభ్యంతరం లేదుగదా?"

"ఆయ్, ఉండండి. దేని గురించండీ?"

"మీరే ఏదోటి చెప్పండి."

సుందరరావు ఆలోచించాడు. "ఐసు దిమ్మ చిన్నదైపోతోందనండి. తేలిగ్గా నమ్ముతారు."

నమ్మారు. ఇల్లు నిశ్శబ్దమైంది. బత్తాయిలు ఆగిపోయాయి. అరుగు కూడా ఖాళీ అయింది, ఎందుకంటే గొడవపడినవాళ్లు ఒకరి గుమ్మం ఒకరు తొక్కకూడదు. గ్రూపు రెండుగా చీలి ఐక్యత ఒకటి, ఐక్యత రెండు ఏర్పడ్డాయి. సూర్యనారాయణ గారి అధ్యక్షతన ఒక కమిటీ టేపు పట్టుకెళ్లి దిమ్మల్ని కొలిచి, అంగుళం తక్కువని తేల్చింది. (కొలిచింది మిట్టమధ్యాహ్నం, ఎండలో.) తొమ్మిదిమంది వేరే ఫ్యాక్టరీకి మారిపోయారు. ఇవేవీ అబ్బాయిరాజుకి తెలియవు. ఆయన చీకటి గదిలో హాయిగా నిద్రపోతున్నాడు.

ఆరు వారాలకి డాక్టరు గారు పరీక్ష చేసి, "తగ్గిపోయిందండీ. ఫోను రోజుకి అరగంట చూసుకోవచ్చు," అన్నారు. అబ్బాయిరాజు ఏలూరు నుంచి నేరుగా ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాడు.

సుందరరావు కుర్చీలోంచి లేవలేదు. కూర్చోమనలేదు.

"మన కోపం గడువు తీరిందండీ," అన్నాడు అబ్బాయిరాజు నవ్వుతూ.

"మీది తీరిందండీ. నలభై రెండు మందిలో నా పేరే ఎలా తట్టిందండీ మీకు?"

"మీరైతే ఏమీ అనుకోరని."

"ఆయ్. ఐదు వారాలుగా అదే అనుకుంటున్నానండీ."

అబ్బాయిరాజు ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాడు. తలనొప్పి పూర్తిగా పోయింది. సూర్యనారాయణ గారు రెండు ఐక్యతల్లోనూ ఆయన్ని చేర్చేశారు. ఇకమీదట ఎప్పుడు తప్పుకోవాలన్నా డాక్టరు చీటీతో పనిలేదు. ఆచారం ప్రకారం చెల్లే అలక ఒకటి, ఈసారి అసలైనదే, ఆయనకి దొరికింది.