నా మొహం పెట్టుకున్న డాక్టరు గారు

తప్పుడు మెసేజీలను నిషేధించాలని గోల చేసేవాళ్లున్నారు చూశారూ, ముందు వాళ్లను నిషేధించాలి! కుటుంబాలు ఎలా నడుస్తాయో వాళ్లకి బొత్తిగా తెలీదు.

మా మామయ్యనే తీసుకోండి. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు. నడుద్దామంటే మోకాళ్లు ఒప్పుకోవు, చదువుదామంటే కళ్లద్దాలు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు. అలాంటి మనిషి ఇవాళ పళ్లు తోముకోకముందే మా ఫ్యామిలీ గ్రూపులో నలుగురిని గుండెపోటు నుంచి కాపాడుతున్నాడు! ఫోన్ బోర్లా పెట్టి చార్జింగ్ చేస్తే బ్యాటరీ రెట్టింపు కాలం వస్తుందని బోధిస్తున్నాడు. సాయంత్రం చంద్రుడు ఆకుపచ్చగా కనిపిస్తాడనీ, పొరపాటున కూడా అటు చూడొద్దనీ హెచ్చరిస్తున్నాడు. ఫార్వర్డులే లేకపోతే ఈ పెద్దాయనకి ఇంత పని ఎవరిస్తారు చెప్పండి?

మా వదిన సంగతి ఇంకా బాగుంటుంది. మైక్రోవేవ్ కిరణాలు సరిగ్గా తల ఎత్తులో బయటికొస్తాయని ఆవిడకెవరో పంపారు. అప్పట్నుంచీ వంటగదిలో నడుం వంచి నడుస్తోంది. అది ఆన్‌లో ఉన్నా అంతే, ప్లగ్గు పీకేసి ఉన్నా అంతే. జిమ్‌లో చేరితే మాత్రం ఇంత క్రమశిక్షణ వచ్చేదా?

మా ఆఫీసు అకౌంటెంటు రేడియేషన్‌ని పీల్చేసే స్టిక్కర్ ఒకటి కొని ఫోన్ వెనకాల అంటించుకున్నాడు. చూడ్డానికి రేకు ముక్కలా ఉంటుంది. అది పెట్టిన మర్నాటి నుంచే ఎన్నాళ్లనుంచో ఉన్న తలనొప్పి మాయమైందట. నేను నవ్వాను. తర్వాత ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ రేకు అడ్డుపడి సిగ్నల్ సరిగ్గా అందడం లేదు, దాంతో మేనేజరు ఫోన్లు రావడం లేదు. తలనొప్పి పోకేం చేస్తుంది? నేనూ ఒకటి తెప్పించమన్నాను.

ఇన్ని ఉపకారాలు చేస్తున్న ఫార్వర్డుల మీద ఇన్నాళ్లూ కత్తి దూసినవాడిని నేనే. తాగే నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో నా ఉద్యోగం. బాటిల్‌లో నీళ్లు ఎంత తేటగా కనిపించినా పరీక్ష చెయ్యందే నమ్మను. ఈ జబ్బు ల్యాబ్‌లో వదిలేసి రావాలి కదా? ఇంటికి పట్టుకొచ్చాను. ఎవరేం చెప్పినా "ఆధారమేదీ?" అంటాను. అందుకే మా చుట్టాల్లో నా పేరు సైన్సు. "సైన్సు వస్తున్నాడు, మాట మార్చండి" అనుకోవడం నా చెవులారా విన్నాను.

గ్రూపులో ఏ ఫార్వర్డు వచ్చినా "ఇది తప్పు" అని మొదలుపెట్టి పేజీడు జవాబు రాసేవాణ్ని. చిలక్కి చెప్పినట్టు చెప్పేవాణ్ని. దాని కింద ఎవరో ఒకరు గులాబీ పువ్వు బొమ్మ పెట్టి శుభోదయం చెప్పేవారు. అక్కడితో సైన్సు సమాప్తం!

మా పిన్ని ఒక్కతీ నా జవాబులు చదువుతుందనుకునేవాణ్ని. బళ్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. నాకు ఎక్కాలు నేర్పింది ఆవిడే. జవాబు కరెక్టుగా వచ్చినా, ఎలా వచ్చిందో చూపించకపోతే చెవి మెలేసేది. ఇప్పుడు ఆ చేతుల్తోనే కుట్టుమిషన్ మీద చుట్టాలందరికీ కర్టెన్లు కుడుతోంది. మా హాల్లో వేలాడుతున్న పసుపు పువ్వుల కర్టెన్ ఆవిడ కుట్టిందే. కింద ఒక మూల అంచు కాస్త వంకర పోయింది. ఆ వంకర గురించి మా ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడం.

ఒకరోజు బాబాయి ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"ఒరే, మీ పిన్ని బీపీ మాత్రలు మానేసిందిరా. నిమ్మతొక్కలు ఎండబెట్టి ఆ నీళ్లు తాగుతోంది. నిన్న మెట్ల మీద కళ్లు తిరిగి రెయిలింగ్ పట్టుకుని కూర్చుండిపోయింది. నేను చెబితే వినదు. నువ్వు చెప్పు."

ఉన్నపళంగా వాళ్లింటికి పరిగెత్తాను. పిన్ని నింపాదిగా నిమ్మతొక్కలు తిరగేస్తోంది. ఎవడు చెప్పాడు మానెయ్యమని అంటే, ఫోన్ తీసి చూపించింది. నేను అడ్డుపడతానని గ్రూపులో పెట్టకుండా చుట్టాలందరికీ విడివిడిగా పంపిందట కూడా.

ఫార్వర్డులో తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న పేరుమోసిన గుండె డాక్టరు గారు... నేనే!

మా ల్యాబ్‌కి కొత్త మిషన్ వచ్చినప్పుడు ఆఫీసువాళ్లు నన్ను దాని పక్కన నిలబెట్టి ఫొటో తీసి వెబ్‌సైట్లో పెట్టారు. ఏ మహానుభావుడో దాన్ని ఎత్తుకుపోయి, మిషన్ తీసేసి, మెళ్లో స్టెతస్కోపు వేసి, నెత్తిన బోలెడంత జుట్టు మొలిపించాడు. జుట్టు వరకూ నాకూ అభ్యంతరం లేదు. కింద మాత్రం ఇలా ఉంది: "అమ్మా, ఎలా ఉన్నారు? ఈమధ్య ఊరికే అలసట వస్తోందా? మెట్లెక్కుతుంటే భయమేస్తోందా? చెబితే వినేవాళ్లు లేరా? నేనున్నాను. బీపీ మాత్రలు ఇవాళే ఆపండి. నిమ్మతొక్కల నీళ్లు తాగండి."

"పిన్నీ, ఇది నేను!" అన్నాను. ఫోన్ తీసుకుని నా చెంప పక్కన పెట్టుకున్నాను. "చూడు. ఇదే ముక్కు. ఇదే గడ్డం."

పిన్ని కళ్లద్దాలు సవరించుకుని అటూ ఇటూ మార్చి మార్చి చూసింది.

"పోలికలున్నాయిరా. కాదనను. కానీ ఆయన కళ్లల్లో దయ ఉంది."

"అది ఫొటో తీసినవాడు జోకేస్తే నవ్విన నవ్వు!"

"జుట్టో?"

"అతికించారు!"

"నీకు కుళ్లురా" అంది.

పాఠకులారా, లోకంలో ఎంతోమంది ఎంతోమందితో వాదించి ఓడిపోయి ఉంటారు. సొంత మొహంతో వాదించి ఓడిపోయినవాణ్ని మాత్రం నన్నే చూస్తున్నారు. పోనీ, మాత్రలు రాసిచ్చిన అసలు డాక్టరు దగ్గరికే పోదాం పదమంటే, "ఆయన తలెత్తి నా మొహం చూడడు. చీటీ మీద రాసేసి తర్వాతి వాళ్లని పిలుస్తాడు. ఈయన చూడు, ఎంత బాగా అడిగాడో" అని ఫోన్ గుండెలకి ఆనించుకుంది.

ఆధారాలు చెప్పాను. పరిశోధనలు చెప్పాను. మాత్ర మానేస్తే రక్తనాళాలకేమవుతుందో కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించాను. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "నువ్వెప్పుడూ ఇంతే, అంతా తప్పంటావు" అని ఆవిడ నాకూ ఒక గ్లాసు నిమ్మతొక్కల నీళ్లిచ్చింది. చేదు విషం. తాగాను.

ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే మా ఆవిడ దారి చూపింది. "ఆవిడ ఫోన్లో వచ్చిందే నమ్ముతుంది కదా. మీరూ ఫోన్లోంచే చెప్పండి." భేష్! ల్యాబ్ కోటు వేసుకున్నాను. హాల్లో నిలబడ్డాను. మా ఆవిడ ఫోన్ పట్టుకుంది.

"ఆ మెసేజ్ తప్పు" అని మొదలుపెట్టాను. "అందులో చెప్పినదానికి శాస్త్రీయమైన ఆధారం..."

"ఆపండి" అంది మా ఆవిడ. "మీరు పిన్నిగారితో మాట్లాడుతున్నారా, మురికినీళ్లతోనా?"

"మరెలా మాట్లాడాలి?"

"ముందు ఎలా ఉన్నావని అడగండి. ఆ దొంగవెధవ చేసింది అదే కదా!"

నాకు చిర్రెత్తుకొచ్చింది. కళ్లు తిరిగి మెట్ల మీద కూర్చున్న మనిషిని ఎలా ఉన్నావని అడగడమేమిటి, ఎలా ఉందో నాకు తెలుసు కదా అన్నాను. మా ఆవిడ ఫోన్ దించి నావైపు చూసింది. ఆ చూపుకి నా దగ్గర ఆధారాలేమీ లేవు. మళ్లీ నిలబడ్డాను.

"పిన్నీ, ఎలా ఉన్నావు? మెట్ల దగ్గర కళ్లు తిరిగాయని బాబాయి చెబితే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ ఫొటోలో ఉన్నది నేనే. నేను డాక్టర్ని కాను. నీ మాత్రలు నువ్వు వేసుకో. అనుమానముంటే నీ డాక్టర్నే అడుగుదాం, నేనూ వస్తాను. ఆయన తలెత్తి చూసేదాకా కుర్చీలోంచి లేవను."

అక్కడ గొంతు కొంచెం పట్టేసింది. నీళ్లు తాగి వద్దామనుకునేలోపు మా ఆవిడ వీడియోని గ్రూపులో పెట్టేసింది.

ఇక చూడండి తమాషా! చంద్రుడు ఆకుపచ్చగా ఉంటాడంటే నమ్మినవాళ్లు, బోర్లా ఫోన్ నమ్మినవాళ్లు, మైక్రోవేవ్ ముందు వంగి నడిచేవాళ్లు, అందరూ ఒక్కసారిగా సైంటిస్టులైపోయారు!

"నమ్మకండి. ఇది ఫేక్" అన్నాడు మామయ్య. "ఏఐతో చేసింది. డాక్టరు గారి జుట్టు తీసేసి మన సైన్సుగాడి మొహం అతికించారు."

"చేతులు ఊపడం చూశారా? మనిషిలా లేదు" అంది మా వదిన.

"ఆధారమేదీ?" అని ఎవరో అడిగారు. ఆ మాట నేను నేర్పిందే.

మామయ్య ఆధారం చూపించాడు. "మనవాడు పుట్టి బుద్ధెరిగాక ఎవర్నైనా ఎలా ఉన్నావని అడిగాడా? గొంతు పట్టేసిందట! అక్కడే దొరికిపోయాడు వీడియో చేసినవాడు!" దాని కింద అందరూ చప్పట్లు కొట్టే బొమ్మలు పెట్టారు. మా గ్రూపు చరిత్రలో ఫేక్ అని తేల్చిపారేసిన మొట్టమొదటి మెసేజ్ నాదే. నేను నేనేనని రాద్దామనుకున్నాను. రాసి ఏం లాభం? నా మొహానికే దిక్కులేనప్పుడు నా రాతకి విలువేముంటుంది?

అంతలో పిన్ని ఫోన్.

"ఒరే, నీ వెనకాల కర్టెన్ కింద మూల అంచు వంకరగా ఉందేం?"

అబద్ధం చెప్పలేకపోయాను. "మొదట్నుంచీ అంతే పిన్నీ."

"అదీ! ఆ రోజు దారం తెగితే బద్ధకించి అలాగే కుట్టేశాను. ఆ వంకర నాకూ మీ ఇంటివాళ్లకీ తప్ప ఇంకెవరికీ తెలీదు. జుట్టంటే అతికిస్తారు గానీ, ఆ వంకర ఎవడు అతికిస్తాడు? అంటే వీడియో నిజం. ఫొటో అబద్ధం. అవునా?"

ఎలా వచ్చిందో చూపించి మరీ జవాబు చెప్పింది మా లెక్కల టీచరు. అవునన్నాను.

"అంటే ఎలా ఉన్నావని అడిగింది కూడా నువ్వేనన్నమాట."

"నేనే."

పిన్ని చిన్న గొంతుతో అంది, "బాలేదురా. మెట్ల దగ్గర చాలా భయమేసింది. మీ బాబాయికి చెబితే హడలిపోతాడని చెప్పలేదు. నీకు చెబుదామంటే తిడతావు."

ఆ ఫార్వర్డు రాసినవాడి మీద నాకు ఎంత కోపమొచ్చిందో! వాడు అబద్ధమాడినందుకు కాదు. నేను అడగాల్సింది వాడు ముందు అడిగినందుకు.

పిన్ని ఆ పూటే మాత్ర వేసుకుంది. మర్నాడు ఇద్దరం డాక్టరు దగ్గరికెళ్లాం. నేను కుర్చీలోంచి లేవకపోయేసరికి ఆయన తలెత్తి చూడక తప్పలేదు.

కాబట్టి మళ్లీ చెబుతున్నాను, ఫార్వర్డులు మనకి వరాలు! వాటిని పంపేవాళ్లకి దీర్ఘాయువు కలగాలి! మనం అడగని పలకరింపులన్నీ మన తరఫున వాళ్లే అడిగిపెడుతుంటే మనకి ఎంత తీరిక! ఆ తీరికలోనే కదా నేను పేజీలకి పేజీలు జవాబులు రాసింది.

నిన్న మామయ్య గ్రూపులో కొత్త హెచ్చరిక పెట్టాడు: "ఎవరైనా ఉన్నట్టుండి ఎలా ఉన్నారని అడిగితే జవాబివ్వకండి. మోసగాళ్లు. అందరికీ పంపండి."

ఇది తప్పు అని రాయబోయి ఆగాను. ఫోన్ చేశాను.

"మామయ్యా, మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

"ఎవరు మాట్లాడేది?" అన్నాడు మామయ్య, ఫోన్ పెట్టేశాడు.