స్క్రూ పడిన చోట బోరు

ఆ పొద్దున ప్రయాణికుడు పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎండ ముదరకముందే పొలాల్లో ఒక చుట్టు తిరిగి, కనిపించిందల్లా పుస్తకంలో రాసుకుని, బస చేసిన ఇంటికి వచ్చి టీ తాగడం.

పనిగట్టుకుని ఎండు నేలను చూడడానికి ఆ ఊరికి వచ్చిన మొదటి మనిషి అతనే. బీడులో పగుళ్ళ లోతును పుల్ల పెట్టి కొలిచేవాడు. మేకలు చివరికి ఏ మూలకు చేరతాయో రాసుకునేవాడు. ఊరికి ఇదేమీ మింగుడుపడలేదు. నీళ్ళు లేని చోట నేలకేసి చూస్తూ తిరిగేవాడు నీళ్ళు చూసేవాడు కాక ఇంకేమవుతాడు?

బస ఇచ్చిన ఇంటావిడ వాళ్ళ నిమ్మతోటలో అతను అడుగుపెట్టేసరికి కళ్ళజోడు స్క్రూ ఊడి కింద పడింది. ఒక అద్దం చేతిలోకొచ్చింది. పాపం, ఒక కన్ను మూసి, నడుం వంచి, అడుగులో అడుగేస్తూ అరగంట వెతికాడు. దొరకలేదు. టీ తాగొచ్చి వెతుకుదామని గుర్తుకు ఒక పుల్ల పాతి వెళ్ళాడు. గట్టు మీద నుంచి ఇంటావిడ మరిది ఇదంతా కళ్ళారా చూశాడు.

ఆ తోట బావి ఎప్పుడో ఎండింది. వేసిన రెండు బోర్లూ దుమ్మే కక్కాయి. చెట్లు ఇంకో నెల ఓర్చుకుంటే గొప్ప. బోరు లారీ ఆ రోజే వచ్చింది, మధ్యాహ్నం ఇంకో ఊరు పోవాలి. ఉన్నది ఒక్క అవకాశం.

ప్రయాణికుడు తిరిగొచ్చేసరికి పుల్ల ముందు లారీ, లారీ చుట్టూ ఊరు.

"అయ్యయ్యో, ఆగండి! అక్కడేం లేదు!"

"ఎన్ని అడుగుల దాకా లేదంటారు సార్?" అన్నాడు బోరు మేస్త్రి వినయంగా.

"నాకు నీళ్ళ సంగతే తెలీదు మహాప్రభో! స్క్రూ వెతుక్కుంటున్నా!"

మరిది జనం వైపు తిరిగాడు. "విన్నారా? తెలిసినవాడెవడూ తెలుసనడు. తెలుసు తెలుసన్నవాళ్ళే కదా మనల్ని రెండుసార్లు ముంచింది!"

ప్రయాణికుడు కంగారుగా ఎడమకు జరిగాడు. లారీ ఎడమకు జరిగింది. వెనక్కి తగ్గాడు. లారీ వెనక్కి తగ్గింది. ఇక కదిలితే కొంప మునుగుతుందని ఒంటికాలి మీద ఆగిపోయాడు. "అదిగో, అక్కడే!" అని మేస్త్రి బోరు ఇంజను ఆన్ చేశాడు.

"పెద్దమ్మా, మీ చెట్లు చచ్చిపోతాయి! మీరైనా చెప్పండి!" అన్నాడు ఇంటావిడతో, ఏడుపొక్కటే తక్కువగా.

"నేను చెప్తే ఎవరు వింటారు నాయనా? ఆ మూల బండ పక్కన గడ్డి అన్నిటికన్నా ఆలస్యంగా ఎండుతుందని కాపురానికొచ్చినప్పట్నుంచీ మొత్తుకుంటున్నా. నీకేం తెలుసన్నారు."

భయంలోనూ అతనికి ఆసక్తి ఆగలేదు. "ఎన్నాళ్ళు ఆలస్యంగా?"

"ఇరవై రోజులు. మేకలు కూడా చివరికి అక్కడికే పోతాయి."

పుస్తకం తిరగేశాడు. నాలుగు రోజుల రాతల్లోనూ మేకలు చేరింది ఆ మూలకే. అప్పుడతను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నిండు సభలో అబద్ధమాడాడు.

"ఏవండోయ్! ఈవిడ నిలబడితేనే నాకు నీళ్ళు కనిపిస్తాయి. ఎక్కడ నిలబడితే అక్కడే!"

జనం దారిచ్చారు. ఆవిడ చరచరా నడిచి బండ పక్కన నిలబడింది. అతను ఒక కన్ను మూసి గంభీరంగా తలూపాడు. బోరు దిగింది. గంటసేపు దుమ్ము. తర్వాత ఇంకా దుమ్ము. ప్రయాణికుడు బస్సు వేళలు గుర్తు చేసుకుంటున్నాడు. ఇంతలో బురద చిమ్మింది, వెనకే తెల్లగా నీళ్ళు!

"నా చెట్లు బతికాయిరా!" అంటూ ఇంటావిడ నిలువునా తడుస్తూ ఏడ్చేసింది.

మరిది ప్రయాణికుడికి చేతులు జోడించాడు. "సార్, మా పొలం కూడా ఒక్కసారి..."

"నాకేం తెలీదయ్యా, ఆవిణ్ణి అడుగు."

ఈ మాటను మాత్రం ఊరంతా టక్కున నమ్మింది.

"వదినా, మా చేలో కాసేపు నిలబడి పోదువు గానీ రా!"

"ఇన్నేళ్ళూ నిలబడే కదా చెప్పా? కాళ్ళు పీకుతున్నాయి, రేపు చూద్దాంలే" అంది ఆవిడ కొంగు పిండుకుంటూ.

ఇప్పుడు ఆవిడ చెప్పు తెగి దారిలో ఆగినా, చుట్టూ పదిమంది పలుగులతో పోగవుతున్నారట.