నోరు కుట్టుకున్న టైలరు

శనివారం తెల్లారేసరికి కొండదారి పట్టాలన్నది టైలరు పథకం. ఆకులు రాలే కాలంలో, నాలుగు చినుకులు పడ్డ వారంలో, ఎండెక్కకముందే వెళితే బుట్టెడు పుట్టగొడుగులు దొరుకుతాయి. ఆలస్యమైతే ముందు వెళ్ళినవాళ్ళు తొక్కి వదిలేసినవే మిగులుతాయి. ఇంత చిన్న సంగతి ఆ ఇంట్లో ఆయనకు తప్ప ఇంకెవరి బుర్రకూ ఎక్కదు. ఎండ వచ్చి గుమ్మంలో కూర్చుంది, అత్తగారు మాత్రం ఇంకా కారు అద్దాలు తుడుస్తూనే ఉంది.

"అల్లుడుగారూ, ఈ మరకలతో బయల్దేరితే నలుగురూ ఏమనుకుంటారు?" అందావిడ.

కొండ మీద ఆ నలుగురూ ఎవరండీ అన్న ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. టైలరు దాన్ని మింగి, "అలాగేనండీ," అన్నాడు.

ఆ "అలాగేనండీ" వెనక ఒక ఒప్పందం ఉంది. అత్తగారు బడిపంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. నల్లబల్ల శుభ్రంగా తుడవందే ఏనాడూ క్లాసు వదిలి బయటికి రాలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. పది రోజులుండి వెళతానని వచ్చి, వానాకాలం మొత్తం గడిపేసింది. దిగడం దిగడం టైలరు కత్తిరింపు గదిలోనే దిగింది. కత్తిరింపు బల్ల బాల్కనీ పాలైంది. గాలి వీస్తే కాగితం నమూనాలు పక్కింట్లోకి ఎగిరిపోతాయి. చలికాలం వస్తే వేళ్ళు కొంకర్లు పోయి కత్తెర కూడా పట్టుకోలేడు. ఆ మాటెత్తి రోజూ వంటింట్లో భార్య మీద ఎగిరేవాడు. అత్తగారు ఎదురైతే మాత్రం పిల్లిలా తప్పుకునేవాడు.

చివరికి భార్యే తేల్చేసింది. "కొండల్లో ఈ రెండ్రోజులూ ఒక్క అరుపు అరవకుండా ఉండండి చూద్దాం. అమ్మని ముందు గదిలోకి మార్చి మీ గది మీకిప్పిస్తా. నోరు లేచిందో, ఇక బాల్కనీలోనే మీ కాపురం."

"నాకేం, నోరు కుట్టేసుకుంటా," అన్నాడు టైలరు. అది మాత్రం ఆయనకు చేతనైన పని కాదని కూతురు నవ్వింది.

కొండ కింద కారు ఆపేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. టైలరు పళ్ళు పటపట కొరుకుతూ ముందు నడిచాడు. వెనక భార్యా కూతురూ. అందరికంటే వెనక మోకాళ్ళు పట్టుకుని, చేతిలో తడి తువ్వాలుతో అత్తగారు. జేబులో సుద్దముక్క లేకుండా టైలరు గడప దాటడు. గీత గీయందే గుడ్డ మీద కత్తెర పెట్టని మనిషి, గుర్తు పెట్టకుండా అడవిలో అడుగేస్తాడా? దారి చీలిన ప్రతిచోటా చెట్టు బెరడు మీద ఒక బాణం గీశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే నోరు తెరవాలి. తెరిస్తే ఇంకేం బయటపడుతుందో ఆయనకే నమ్మకం లేదు.

రాలిన ఆకులు కాలితో తోసి చూస్తే కింద తెల్లగా, బొద్దుగా పుట్టగొడుగులు. ఆలస్యమైనా అదృష్టం బాగానే ఉందనుకున్నాడు. నడుం పడిపోయేదాకా ఏరి బుట్ట నింపాడు. బుట్టను అత్తగారి పక్కన పెట్టి, వాగులో నీళ్ళు తేవడానికి వెళ్ళాడు. వచ్చి చూస్తే బుట్టలో రెండే ఉన్నాయి.

"మట్టి అంటినవన్నీ లోయలో పారేశాను, అల్లుడుగారూ. ఈ రెండూ శుభ్రంగా ఉన్నాయి," అందావిడ.

పుట్టగొడుగుకి మట్టి అంటకపోతే మైదాపిండి అంటుతుందా! కోపం నషాళానికెక్కింది. ఆయన మొహం ముందు ఎర్రబడి, తర్వాత కందగడ్డ రంగుకి వచ్చింది. కత్తిరింపు గదిని, దాని కిటికీని, కిటికీలోంచి బల్ల మీద పడే వెలుతురుని తలుచుకున్నాడు. "అలాగేనండీ," అన్నాడు.

తిరుగుదారిలో మొదటి చీలిక దగ్గర, పెద్ద బండ పక్కనున్న చెట్టు మీద బాణం లేదు. ఇంకో చెట్టు చూశాడు, లేదు. ఎడమకి వెళ్ళి, మళ్ళీ కుడికి వచ్చి, చుట్టూ తిరిగి అదే బండ దగ్గర తేలారు. కూతురి ఫోన్‌కి సిగ్నల్ లేదు. పొద్దు వాలుతోంది. చలి మొదలైంది. టైలరు ప్రతి చెట్టునూ తడిమి చూస్తూ, బుసలు కొడుతూ, ఒక్క మాటా లేకుండా తిరుగుతున్నాడు.

"అమ్మా, నాన్నకేదో అయింది. చెట్లని నిమురుతున్నాడు," అంది కూతురు.

భార్య ఆయన మొహం చూసి హడలిపోయింది. "ఏమండీ! గుండెల్లో నొప్పా? మాట్లాడరేం?"

టైలరు తల అడ్డంగా ఊపాడు. "అయ్యో, మాట కూడా పడిపోయిందే!" అంటూ ఆవిడ బలవంతంగా పడుకోబెట్టి బూట్లు ఊడదీసింది. కూతురు అరికాళ్ళు రుద్దింది. అత్తగారు తువ్వాలుతో విసరబోయి ఆగింది.

"ఉండండి, ఇది మురికైపోయింది. ఎవడో పనిలేని వెధవ దారి పొడుగునా చెట్లన్నిటి మీదా సుద్దతో పిచ్చిగీతలు గీసి పెట్టాడు. ఊరుకోలేక, వస్తూ వస్తూ అన్నీ తుడిచేశాను."

టైలరు లేచి నిలబడ్డాడు. బూట్లు లేవు. గది గుర్తు రాలేదు, ఒప్పందం గుర్తు రాలేదు.

"ఆ పనిలేని వెధవని నేనేనండీ!" అని అరిచాడు. చెట్ల మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. "దారి తెలియాలని గీశానండీ! నా గది తీసుకున్నారు! నా బల్ల బయట పెట్టించారు! నా పుట్టగొడుగులు లోయలో పోశారు! ఇప్పుడు ఇంటిదారి కూడా తుడిచేశారు! ఇంక మిగిలింది నేనొక్కణ్ణే, నన్ను కూడా తుడిచేయండి, పీడా పోతుంది!"

భార్య కళ్ళు మూసుకుంది. కొండలో ఆ అరుపు ఇంకా తిరుగుతూండగానే పొదలు కదిలి, లాఠీ పట్టుకుని అటవీ కాపలాదారు బయటికొచ్చాడు.

"ఎవరయ్యా అది? ఎవర్నో నరికేస్తున్నారనుకుని పరిగెత్తుకొచ్చాను. ఇక్కడెందుకు కూర్చున్నారు? మీ కారు ఈ పొదల వెనకేగా!"

రాత్రి కొండ మీద బస అన్న మాట ఎవరూ ఎత్తలేదు. గది పోయిందని టైలరుకి తెలుసు. చలికాలమంతా బాల్కనీలో వణుకుతూ గుడ్డలు కత్తిరించడమే ఇక గతి అనుకుంటే ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. అంతలో వెనక సీట్లోంచి అత్తగారు ముక్కు చీదింది.

"ఇన్నాళ్ళూ అల్లుడుగారు నాతో స్కూలు ఇన్‌స్పెక్టరుతో మాట్లాడినట్టు 'అలాగేనండీ' తప్ప ఇంకో ముక్క మాట్లాడలేదు. నేనంటే గిట్టదనుకున్నాను. సోమవారం మా అబ్బాయి దగ్గరికి వెళ్ళిపోదామని పెట్టె కూడా సర్దేసుకున్నాను."

టైలరు కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"ఇవాళ కన్నతల్లిని తిట్టినట్టు తిట్టావు నాయనా," అందావిడ. మొదటిసారి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "పరాయిదాన్నైతే అంత చనువుగా అరుస్తావా? ఇంక నేనెక్కడికీ వెళ్ళను. ఆ గది నాకు అలవాటైపోయింది కూడా."

భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాపుకుంది. టైలరు కారు మళ్ళీ కదిలించి, "అలాగేనండీ," అన్నాడు.

సోమవారం పొద్దున్నే ఆయన బాల్కనీలో బ్యాంకు మేనేజరు కోటు గుడ్డ పరిచి, కొలతలు చూసుకుంటూ సుద్దతో గీతలన్నీ గీసి, టీ తాగడానికి వంటింట్లోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గుడ్డ మీద ఒక్క మరక లేదు.