వగరు మార్కులు

మనిషి నిప్పు కనిపెట్టాడు, చక్రం కనిపెట్టాడు, ఆ తర్వాత చాలాకాలం ఊరికే కాలక్షేపం చేసి, చివరికి మెట్ల కింద చెప్పుల గదిని గుర్తింపు పొందిన వైన్ సెల్లార్‌గా, అంటే సీసాలు ఏళ్ల తరబడి దాచే నేలమాళిగగా, నమోదు చేయించుకునే విధానం కనిపెట్టాడు. నాగరికత ఇంతకు మించి ముందుకు పోయే అవకాశం లేదని గృహ వైన్ నిల్వల మండలి వారి కరపత్రం చెబుతోంది. (కరపత్రం రాసినవారు కూడా వారే.)

సెల్లార్ కోరిక నాకు సొంతంగా పుట్టింది కాదు. మా తోడల్లుడు ముందు పెట్టించుకున్నాడు. ఒకరోజు మమ్మల్ని భోజనానికి పిలిచి, కిందకు తీసుకెళ్లి, టార్చిలైటు వేసి నలభై ఎర్ర వైన్ సీసాలు చూపించాడు. ఒక్కటీ తెరవకుండా పైకి తీసుకొచ్చి మంచినీళ్లు ఇచ్చాడు. ఆ మర్యాదకు నా కడుపు భగ్గున మండింది.

"మనకీ ఒకటి ఉండాలి" అన్నాను దారిలో.

"మనకి ఆదివారం సీసా ఉందిగా" అంది మా ఆవిడ.

ఆదివారం సీసా అంటే వీధి చివర దుకాణంలో దొరికే మామూలు ఎర్ర వైన్. ఆదివారం సాయంత్రం ఆరింటికి, వంటింటి బల్ల దగ్గర, టీ గ్లాసుల్లో చెరి కొంచెం పోసుకునేవాళ్లం. మా ఆవిడ కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్షిస్తుంది. వారమంతా "ఇప్పుడు కనిపిస్తోందా? ఇప్పుడు?" అని అడిగి అడిగి, ఇంటికొచ్చేసరికి ఆమెకు మాట మిగలదు. నాది అచ్చుతప్పులు దిద్దే ఉద్యోగం. ఎదుటివాళ్ల మాటలో తప్పులు వెతకడం తప్ప నాకు ఇంకోటి చేతకాదు. అందుకని మా సంసారంలో ముఖ్యమైన మాటలన్నీ ఆ గంటలోనే నడిచాయి. అమ్మాయి ఏం చదవాలి, మా అమ్మతో ఎవరు ముందు మాట్లాడాలి, ఈ ఇంట్లోకి మారాలా వద్దా, అన్నీ ఆ గ్లాసుల దగ్గర తేలినవే. ఆ గంటంటే నాకు ప్రాణం. ఆ సంగతి నాకు అప్పట్లో తెలియదు.

దరఖాస్తు పెట్టాను. మండలి కార్యాలయం ఏడో అంతస్తులో ఉంది. (నేలమాళిగల మీద పెత్తనం చేసేవారు నేలకు వీలైనంత దూరంగా ఉండాలట, లేకపోతే మొహమాటాలు వస్తాయట.) ఫారంలో "ఎర్ర వైన్ ఎందుకు?" అన్న ప్రశ్నకు మూడు గడులు ఉన్నాయి: పరువు, వారసత్వం, బంధువులు. తాగడానికి అన్న గడి కనిపించలేదు. కౌంటరులో ఉన్నాయన్ని అడిగాను.

"తాగేవాళ్లకి సెల్లార్ ఎందుకు సార్? గ్లాసు చాలదూ?" అన్నాడాయన, తల ఎత్తకుండా.

"బంధువులు" అన్న గడిలో టిక్కు పెట్టాను.

నమోదు కాగానే ఫోనులో 'నిదానం' అనే యాప్ దానంతటదే దిగింది. నాలుగో నిబంధన ప్రకారం, సెల్లార్ ఉన్న ఇంట్లో వంటిల్లు, పడకగదితో సహా ప్రతి గదీ సెల్లార్ కిందికే వస్తుంది. మండలి ఆమోదించని సీసా ఆ ఇంట్లో ఉండకూడదు. నేను ఈ నిబంధన గట్టిగా చదువుతుండగా మా ఆవిడ వచ్చింది.

"ఏవండీ, మీకో మాట చెప్పాలి. పెద్ద మాటే. తీరిగ్గా ఆదివారం చెప్తాను."

"సరే" అని ఐదో నిబంధనలోకి వెళ్లాను.

శనివారం పొద్దున వగరు మదింపు అధికారి వచ్చారు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ముప్పై నమూనాల పెట్టె. సెల్లార్‌కు వైన్ ఎంచుకోవడంలోని మూలసూత్రాన్ని ఆయన ఓపిగ్గా వివరించారు.

"ఈరోజు తాగితే బాగున్న వైన్ సెల్లార్‌కి పనికిరాదు సార్. పచ్చి జామకాయ కొరికినట్టు నోరంతా పట్టెయ్యాలి. ఇవాళే బాగుంటే ఇంక ఏళ్ల తరబడి దాచడం దేనికి?"

పద్ధతి సులువే. యజమాని, భార్య ఒక్కో గుక్క తాగాలి. యాప్ వాళ్ల మొహాలు చూసి మార్కులు వేస్తుంది. కనుబొమలు ముడిపడితే రెండు, ఒక కన్ను మూసుకుపోతే నాలుగు, నాలుక బయటికొస్తే ఆరు, పోయిన పెద్దలు గుర్తొస్తే పది. మెర్లో అనే ద్రాక్షతో చేసిన వైన్ మెత్తగా, దయగా ఉందని మొదట్లోనే కొట్టేశారు. కాబర్నే అనే ద్రాక్షది ఒకటి తాగితే నా చెవులు వాటంతటవే కదిలాయి. దానికి పదికి పది వచ్చి, పన్నెండేళ్ల నిల్వ యోగ్యత దక్కింది. అధికారి నాకు చెయ్యి కలిపారు. అలాంటి సీసాలు పన్నెండు ఖాయమయ్యాయి.

ఆఖరున వంటింట్లో ఉన్న ఆదివారం సీసాను కూడా పరీక్షకు పెట్టారు. మా ఆవిడ ఒక గుక్క తాగింది. నా వైపు చూసింది. నవ్వింది.

యాప్ గణగణ మోగింది. "అనర్హం. ఆనందం గుర్తించబడినది."

అధికారి ఆ సీసాకు సీలు వేసి సంచిలో పెట్టుకున్నారు. "ఇంకోసారి ఇలా నవ్వితే సెల్లార్ హోదా పోతుందమ్మా, కాస్త చూసుకోండి" అన్నారు, ఎంతో మర్యాదగా.

ఆదివారం ఆరింటికి బల్ల దగ్గర కూర్చున్నాం. మెట్ల కింద పన్నెండు సీసాలు పదమూడు డిగ్రీల చల్లదనంలో హాయిగా పడుకున్నాయి. వాటికి చోటిచ్చిన చెప్పులు మా పక్క కుర్చీల్లో ఉన్నాయి. టీ గ్లాసుల్లో నీళ్లు పోశాను.

"చెప్పు, ఏదో మాటన్నావుగా."

ఆమె నోరు తెరిచేలోపు ఫోను కుయ్యిమంది. పదమూడు పాయింట్ రెండు, సెల్లార్ వేడెక్కుతోంది. అట్టముక్క పట్టుకుని మెట్ల కిందికి పరుగెత్తి సీసాలకు గాలి విసిరాను. తిరిగొచ్చేసరికి ఆమె గ్లాసులు కడిగేస్తోంది.

ఇలా మూడు ఆదివారాలు గడిచాయి. నాకూ లోపల దిగులు మొదలైంది. ఒక సీసా ముందుగా తెరవడానికి అనుమతి కోరాను. కారణం అన్నచోట "భార్య ఒక మాట చెప్పవలసి ఉన్నది" అని రాశాను. మర్నాడే జవాబొచ్చింది. "సదరు మాట పాడయ్యే స్వభావం కలదా? కలదన్నచో ధ్రువపత్రం జతపరచవలెను. లేదన్నచో దానిని కూడా వెలుతురు తగలని చోట, పదమూడు డిగ్రీల వద్ద భద్రపరచగలరు."

"బయటెక్కడైనా తాగుదామా పోనీ?" అన్నాను మా ఆవిడతో.

"గ్లాసు కోసం కాదండీ నా గోల. ఆ గంటసేపు మీరు నా ఎదురుగా కూర్చుంటారు, దాని కోసం."

"ఇప్పుడూ కూర్చుంటున్నానుగా?"

"మీరు థర్మామీటర్ ఎదురుగా కూర్చుంటున్నారు."

నాలుగో ఆదివారం, సరిగ్గా ఆరింటికి, అధికారి మళ్లీ వచ్చారు. ఇది తొలి తనిఖీ. వైన్ ఇంకా తాగే పక్వానికి రాలేదని ధ్రువీకరించాలంటే ఒక సీసా తెరిచి చూడాలట. తెరిచిన సీసాను తిరిగి సెల్లార్‌లో పెట్టకూడదు, పారబోయకూడదు. యజమాని ముట్టుకుంటే పక్షపాతం. అధికారి ఒంటరిగా తాగితే ఆరోపణలు. కనుక యజమాని కాని కుటుంబ సభ్యులొకరు సాక్షిగా ఎదురు కూర్చుని, సీసా పూర్తయ్యేదాకా సహకరించాలి. యజమాని మెట్ల కింద నిలబడి ఐదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత పైకి చదవాలి.

నేను చదివాను. వంటింట్లోంచి మొదట దగ్గు వినిపించింది, తర్వాత మా ఆవిడ గొంతు, కాసేపటికి ఆమె నవ్వు. మెడ చాచి చూశాను. అధికారి ఫోను బోర్లాపెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నారు. ఒక్క ప్రశ్న వేసి పది నిమిషాలు ఊరుకున్నారు. (ఒక అధికారిలో ఇంత ఓపిక నేనెన్నడూ చూడలేదు.) "పదమూడు పాయింట్ ఒకటి!" అని అరిచాను.

ఆయన వెళ్లాక అడిగాను. "ఏం చెప్పావు అంతసేపు?"

"తనిఖీ విషయాలు బయటికి చెప్పకూడదటండీ. నివేదిక వస్తుందిగా, చూసుకోండి" అంది. నెల్లాళ్ల తర్వాత ఆమె మొహం తేటగా ఉంది. నాకు సంతోషమేసింది. కొంచెం ఏడుపూ వచ్చింది.

మంగళవారం నివేదిక వచ్చింది. మొదటి పేరా: వైన్ తాగడానికి ఏమాత్రం వీలుగా లేదు, అభినందనలు. రెండో పేరా: యజమాని ఉష్ణోగ్రతను స్పష్టమైన ఉచ్చారణతో చదివారు. మూడో పేరా సాక్షి వాంగ్మూలం. అచ్చుతప్పు ఒక్కటీ లేదు, రెండుసార్లు చూశాను.

"సాక్షిని ఆమె పనిచేసే కళ్లజోళ్ల దుకాణం వారు వేరే ఊరి శాఖకు అధిపతిగా నియమించారు. ఆమె ఒకటో తారీకున బయలుదేరుతున్నారు. భర్తను కూడా రమ్మని అడగడానికి నాలుగు ఆదివారాలు చూశారు, ఇక అడగదలచుకోలేదు. యజమాని పన్నెండేళ్లపాటు ఈ ఇంట్లోనే ఉంటారు కనుక సరుకు భద్రతకు ఎలాంటి ఢోకా లేదు."