గ్యారేజీ ఫ్రిజ్‌కు వర్తించదు

గురువారం పొద్దున వెర్లిన్ పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. కాఫీ తాగాలి, ఇంటి ముందు మంచు తోయాలి, గ్యారేజీ ఫ్రిజ్‌లోంచి జింక తొడ ఒకటి తెచ్చి వంటింట్లో పెట్టాలి. శనివారం మధ్యాహ్నం చుట్టాలు భోజనానికి వస్తున్నారు. ఆ జింకను అతని భార్య మార్లిస్ నవంబరులో స్వయంగా కొట్టింది. ఏళ్ల తరబడి తుపాకీ పట్టుకుని అడవికి వెళ్లి, జలుబు పట్టుకుని తిరిగివస్తున్న మనిషికి దొరికిన మొదటి జింక. అందుకే విందు.

వెర్లిన్ గ్యారేజీలోకి వెళ్లి, ఫ్రిజ్ పైన ఫ్రీజరు తలుపు తీశాడు. రాయిలా ఉండాల్సిన మాంసం పొట్లాలు వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. అడుగున ఎర్రటి నీళ్లు. ఇంకొకరైతే నెత్తిన చేతులు పెట్టుకునేవారు. వెర్లిన్ మాత్రం లాటరీ తగిలినవాడిలా వంటింట్లోకి పరుగెత్తాడు.

"మార్లిస్! పాడైంది! మన ఫ్రిజ్ పాడైపోయింది!"

"దానికి ఆ నవ్వెందుకయ్యా?" అంది మార్లిస్.

అందుకు కారణం ఉంది. ముప్పై ఏళ్లు అద్దె ఇళ్లలో గడిపాక, కిందటి జనవరిలో విస్కాన్సిన్ ఉత్తరాన ఈ పాత ఇల్లు కొనుక్కున్నారు. ఇల్లు కుదిర్చిన ఏజెంటు ఆవిడ సలహా మీద వెర్లిన్ ఇంటికి ఏడాది వారంటీ కూడా తీసుకున్నాడు. పొయ్యి, ఫ్రిజ్, నీళ్ల హీటరు, ఏది మొరాయించినా కంపెనీయే మెకానిక్‌ను పంపి బాగుచేయిస్తుంది. వారంటీ తీసుకున్న రోజు నుంచి ఇంట్లో వస్తువులన్నీ ఒట్టు పెట్టుకున్నట్టు పనిచేయసాగాయి. కుళాయి కూడా కారలేదు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ విందులో మార్లిస్ తమ్ముడు గేలార్డ్ దీన్ని పట్టుకున్నాడు. "బావా, ఆ డబ్బు డబ్బాలో వేసుకున్నా గలగలమని చప్పుడైనా వచ్చేది. నీ వారంటీ చప్పుడు కూడా చేయదే!"

వెర్లిన్‌కు రోషం పొడుచుకొచ్చింది. "ఏడాది తిరిగేలోపు దీంతో ఒక్క రిపేరైనా చేయించకపోతే, సరస్సు మీది నా గుడిసె నీదే, పట్టుకుపో!" అన్నాడు. శీతాకాలం గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని చేపలు పట్టే చెక్క గుడిసె అది. దాన్ని వెర్లిన్, వాళ్ల నాన్న కలిసి కట్టారు. మాట జారాక మింగుడు పడలేదు, కానీ అందరి ముందూ అన్నాడు. ఆ ఇబ్బంది కప్పిపుచ్చుకోవడానికి ఇంకో కథ చెప్పాడు. ఇల్లు అమ్మిన ముసలావిడ గ్యారేజీలో ఫ్రిజ్ పక్కనే చిన్న హీటరు పెట్టి వెళ్లింది, ఫ్రిజ్‌కు చలేస్తుందనుకుందో ఏమో, తాను దాన్ని పీకి గేలార్డ్‌కు ఊరికే ఇచ్చేశాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా పడీపడీ నవ్వారు. గేలార్డ్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఇప్పుడు వారంటీ శనివారంతో ముగుస్తుంది. ముగిసే ముందు ఫ్రిజ్ పాడైందంటే దేవుడున్నట్టే కదా. వెర్లిన్ కంపెనీకి ఫోన్ చేశాడు.

"ఫ్రిజ్ ఎక్కడుంది సార్?" అంది అవతలి అమ్మాయి.

"గ్యారేజీలో."

"సారీ సార్. వంటింట్లో ఉన్నదానికే వారంటీ. గ్యారేజీ ఫ్రిజ్‌కు వర్తించదు."

వెర్లిన్ ఫోన్ పెట్టేసి, వంటింటి వైపు ఒకసారి, గ్యారేజీ వైపు ఒకసారి చూశాడు. మధ్యలో ఒక్క తలుపే అడ్డం. మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి వేరే గొంతు.

"ఫ్రిజ్ ఎక్కడుంది సార్?"

"వంటింట్లో," అన్నాడు వెర్లిన్, తలుపు వైపు వీపు పెట్టి.

మెకానిక్ రేపు పొద్దున వస్తాడన్నారు. అతను వచ్చేందుకు కట్టాల్సిన రుసుము అప్పుడే కార్డులోంచి లాగేశారు.

"ఇంత వయసొచ్చి అబద్ధమా?" అంది మార్లిస్.

"అబద్ధమెలా అవుతుంది? రేపు అతనొచ్చేసరికి అది వంటింట్లోనే ఉంటుంది. నేను కాస్త ముందుగా చెప్పానంతే."

మార్లిస్ మాంసం పొట్లాలన్నీ పెట్టెలో సర్ది, వెనక పెరట్లో మోకాలెత్తు మంచులో పాతిపెట్టి వచ్చింది. "బయటంతా దేవుడిచ్చిన ఫ్రీజరే. ఇంకో రెండు నెలలు దీనికి ఢోకా లేదు. ఆ డొక్కు పెట్టెతో మనకేం పని? నీ పంతం కాకపోతే!"

"ఆ గుడిసె నాన్నా నేనూ కట్టాం, మార్లిస్."

మార్లిస్ చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, "ఏ పక్క పట్టుకోను?" అంది.

ముందు వంటింట్లోని మంచి ఫ్రిజ్‌ను బయటికి లాగాలి. వెర్లిన్ ఊపిరి బిగబట్టి లాగాడు. ఫ్రిజ్ వచ్చింది. దాని వెనక ఐసు కోసం పెట్టిన సన్నటి నీళ్ల గొట్టం రాలేదు. అది తెగి, పాములా లేచి, వెర్లిన్ ముఖం మీద, గోడ మీద, మార్లిస్ అప్పుడే తుడిచిన నేల మీద నీళ్లు చిమ్మింది. గొట్టానికి నీళ్లు ఆపే బిరడా తుప్పుపట్టి తిరగలేదు. చివరికి ఇంటి మొత్తానికి నీళ్లు కట్టేయాల్సి వచ్చింది.

"ఇప్పుడు కాఫీకి నీళ్లెలా?" అంది మార్లిస్.

"మంచు కరిగిద్దాం. ఈ ఫ్రిజ్ మార్చడం రెండు గంటల పనేగా!"

ఇక పాత ఫ్రిజ్. దాన్ని చక్రాల బండి మీద ఎక్కించి తలుపు దాకా తోశారు. తలుపు దగ్గర అది ఆగిపోయింది. మనుషులు సన్నగా, ఫ్రిజ్‌లు లావుగా ఉండే రోజుల్లో చేసిన ఫ్రిజ్ మరి. వెర్లిన్ తలుపు ఊడదీశాడు. అయినా పట్టలేదు. చుట్టూ ఉన్న చెక్కచట్రం కూడా ఊడబెరికాడు. దాంతోపాటు అరచెయ్యంత గోడపెచ్చు కూడా వచ్చింది.

"ఇక చాలించు," అంది మార్లిస్.

"ఇంత దూరం వచ్చాక వెనక్కెలా వెళ్తాం?"

"అరడుగు కూడా రాలేదయ్యా!"

కానీ వెర్లిన్ పట్టిన పట్టు వదిలే మనిషి కాదు. ఇద్దరూ కలిసి తోశారు. ఫ్రిజ్ కెవ్వుమని గీరుకుంటూ లోపలికొచ్చి, మంచి ఫ్రిజ్ ఉండే చోట ఇరుక్కుంది. దాని పక్క సొరుగు ఇక తెరుచుకోదు, చెంచాలన్నీ అందులోనే ఉన్నాయి. మంచి ఫ్రిజ్‌ను ఖాళీగా ఎందుకుంచాలని, గ్యారేజీలో పాతదాని చోట పెట్టి ప్లగ్గు తగిలించారు. తలుపు లేని ఖాళీకి మార్లిస్ వాళ్ల అమ్మమ్మ కుట్టిన బొంత అడ్డం కట్టారు. ఆ రాత్రి సూపు కప్పుల్లో పోసుకుని తాగారు.

శుక్రవారం పొద్దున మెకానిక్ ఆర్విడ్ వచ్చాడు. బొంత వైపు ఒకసారి చూశాడు. ఫ్రిజ్ తెరిచి లోపల చెయ్యి పెట్టాడు, ఏదో పరికరం పెట్టి చూశాడు, చెవి ఆనించి విన్నాడు.

"దీనికేమైంది?" అన్నాడు.

"చల్లబడటం లేదు," అన్నాడు వెర్లిన్.

"బ్రహ్మాండంగా చల్లబడుతోందే. మా ఇంట్లోది కూడా ఇంత బాగా నడవదు."

వెర్లిన్ ఫ్రీజరు తెరిచాడు. నిన్న మార్లిస్ మరిచిపోయి వదిలేసిన పొట్లం ఒకటి రాయిలా బిగుసుకుపోయింది. దాన్ని వేలితో నొక్కాడు. బొటనవేలితో నొక్కాడు. దాని మీద కోపం ఆపుకోలేక పిడికిలితో కూడా ఒకటిచ్చాడు.

"పోనీ ఆ నీళ్ల గొట్టం?" అన్నాడు నీరసంగా.

"మీరు లాగి తెంపిందేగా. వర్తించదు."

"తలుపు?"

"తలుపులకు అసలే వర్తించదు."

అంతలో బొంత పక్కకు జరిగి, గ్యారేజీలోంచి మార్లిస్ తల కనిపించింది. "మన మంచి ఫ్రిజ్ ఆగిపోయింది. ఐసు కరిగిపోతోంది."

వెర్లిన్ కళ్లు మెరిశాయి. "అదిగో! అది అసలైన వంటింటి ఫ్రిజ్! దాన్ని చూడండి!"

"ఎక్కడుంది?" అన్నాడు ఆర్విడ్.

మార్లిస్ తన వెనక గ్యారేజీ కేసి వేలు చూపించింది. ఆర్విడ్‌కే జాలేసింది. "గ్యారేజీ చలికి లోపల ఇప్పటికే చల్లగా ఉందనుకుని ఫ్రిజ్ నడవడం మానేస్తుందండీ. అప్పుడు పైన ఫ్రీజరు కరుగుతుంది. చలికాలమంతా మాకు ఇవే ఫోన్లు. పక్కన చిన్న హీటరు పెట్టుకోండి, చాలు."

"ఒక హీటరుండేది," అంది మార్లిస్. వెర్లిన్ కిటికీలోంచి మంచు కేసి చూస్తూ నిలబడ్డాడు.

శనివారం మధ్యాహ్నానికి ఇల్లంతా జింక కూర వాసన. గేలార్డ్ బీరు పెట్టె ఒక చేత్తో పట్టుకుని వచ్చాడు. గుడిసె లాక్కెళ్లడానికి ట్రక్కుకు కొక్కెం కూడా ముందే తగిలించుకొచ్చాడు. వచ్చీరాగానే బొంత కేసి చూశాడు.

"తలుపేది బావా? దానికీ వారంటీ చేయించావా?"

వెర్లిన్ దాచలేదు. ఓడిపోయిన మనిషి ఓడిపోయినట్టు ఉండాలని గట్టిగా అనుకున్నాడు. నుంచుని, ఫోన్ దగ్గర్నుంచి చెంచాల సొరుగు దాకా జరిగిందంతా చెప్పాడు. చుట్టాలంతా కళ్ల నీళ్లొచ్చేలా నవ్వారు. గేలార్డ్ బల్ల చరుస్తూ నవ్వాడు.

"అయ్యో బావా! హీటరు లేకుండా గ్యారేజీలో ఫ్రిజ్ నడుస్తుందా? ఆ ముసలావిడ పిచ్చిదనుకున్నావా? నువ్విచ్చిన రోజే తీసుకెళ్లి మా ఫ్రిజ్ పక్కన పెట్టా, అప్పట్నుంచి చూడు..."

ఆగాడు. బల్ల దగ్గర నవ్వులూ ఆగిపోయాయి.

"చెప్పరా, ఆపావేం?" అంది మార్లిస్. చేతిలో గరిటె ఉంది.

"అంటే... అడగలేదుగా అక్కా."

"నా జింక కరిగిపోతుందని తెలిసి పందెం కట్టావు. తెలిసి నోరు మూసుకున్నావు. పద, వెళ్లి హీటరు తీసుకురా. అదొచ్చాకే నీ గిన్నెలో కూర పడుతుంది."

"మరి గుడిసె?"

మార్లిస్ గరిటె కాస్త పైకెత్తింది. గేలార్డ్ ఖాళీ కొక్కెం ఊగుతున్న ట్రక్కులో వెళ్లి, అరగంటలో హీటరుతో తిరిగొచ్చాడు. వెర్లిన్ దాన్ని గ్యారేజీలో ఫ్రిజ్ పక్కన పెట్టాడు. కాసేపటికి ఫ్రిజ్ గుర్రుమంది. ఫ్రిజ్‌లు ఎక్కడివక్కడే ఉండనిమ్మన్నాడు, ఇంకో తలుపు పీకే ఓపిక తనకు లేదన్నాడు. ఆ తర్వాత వంటింట్లోకి వచ్చి, కప్పులోకి కూర పోసుకుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

సోమవారానికి గేలార్డ్ గ్యారేజీలో ఫ్రిజ్ ఆగిపోయింది. అతనికి వారంటీ లేదు.