ఇరుసు జోలికి పోరాదు

బండి వంకరగా పోతే బండివాణ్ణి సరిచేయాలన్న నిబంధన ప్రకారం, మైలపల్లి ఎర్రయ్య ఎడమ పాదాన్ని గురువారం పదకొండు గంటలకు రెండు డిగ్రీలు లోపలికి తిప్పారు. పని శుభ్రంగా జరిగింది. ధ్రువపత్రం కూడా ఇచ్చారు.

తప్పు ఎర్రయ్యదే. ప్రభుత్వం ఇచ్చిన ట్రెయిలర్ మీద పడవను ఒడ్డుకు లాక్కుపోతుంటే అది ఎడమకు పోతోందనీ, టైర్లు అరిగిపోతున్నాయనీ అర్జీ పెట్టుకున్నాడు. అంతటితో ఊరుకోక, ముందు కొక్కెం నుంచి ఇరుసు రెండు కొసలకూ తాడు పట్టి కొలిచాడు. కుడివైపు రెండు వేళ్లు తక్కువ వచ్చింది.

"నాలుగు బోల్టులు ఒదులు సేసి, ఇరుసు ఆ పక్క కాస్త ఎనక్కి జరిపితే సరిపోద్ది బాబూ. పావుగంట పని," అన్నాడు.

సహాయ ఇంజనీరు విద్యాధరరావు ఓపికగా విన్నాడు.

"ఆ బోల్టులకు సీలుంది. సీలున్నది వంకరగా ఉండదు. మరి నీకు సీలుందా?"

ఎర్రయ్య తన ఒళ్లు తడుముకున్నాడు. లేదు.

ట్రెయిలర్ ఇప్పుడు తిన్నగా పోతోంది. చిక్కల్లా, దాన్ని వదిలితే ఎర్రయ్య కుడికి పోతాడు. ఇంటికని బయలుదేరి రెండుసార్లు ఐసు ఫ్యాక్టరీలో తేలాడు. కార్యాలయం వెంటనే స్పందించి, ట్రెయిలర్‌ను ఎన్నడూ వదలవద్దని లిఖితపూర్వకంగా సలహా ఇచ్చింది. అతను పాటించాడు. తల్లి పోయినప్పుడు ఒక భుజాన పాడె, రెండో చేత ట్రెయిలర్. శవయాత్ర చక్కగా సాగిందని అందరూ మెచ్చుకున్నారు.

భార్య బంగారమ్మ మాత్రం మెచ్చుకోలేదు. "మాయన్న కాడ స్పానరుంది. మనవే ఇప్పేద్దుమా?"

"ఇప్పుడు ఇరుసు సరిసేస్తే నా కాలేటవుద్దే?"



పాలెంలో ట్రెయిలర్లన్నీ ఒకే దఫా వచ్చినవి. ఏడాది తిరిగేసరికి మగవాళ్లందరి పాదాలూ సరయ్యాయి. వాళ్ల వెంట నడిచీ నడిచీ ఆడవాళ్లకు ఉచితంగానే సరయ్యాయి.

ఆ వానాకాలంలోనే ఎర్రయ్య కూతురు గోడ వదిలి తొలి అడుగులు వేసింది. బంగారమ్మ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. పిల్ల తిన్నగా నడుస్తోంది.

"ఓలమ్మో, ఇదేటి?" అంది.

ఎర్రయ్య మొహం పాలిపోయింది. అంతలోనే తేరుకుని పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

"బయపడకే. ఎముకలింకా లేతగున్నాయి," అంటూ, దాని ఎడమ పాదాన్ని అరచేతిలోకి తీసుకుని, నొప్పి కలగకుండా మెల్లగా లోపలికి తిప్పసాగాడు.